రాకెట్టును చూసే ఊరు

భారతదేశ పటంలో తూర్పు తీరం వెంబడి చూస్తే రెండు పెద్ద సరస్సులు కనిపిస్తాయి. ఒకటి ఒడిశాలోని చిలికా. రెండవది దానికి చాలా దిగువన, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న పులికాట్. ఏటి నీరూ సముద్రపు నీరూ కలిసే ఇటువంటి సరస్సులలో మన దేశంలో చిలికా మొదటిది, పులికాట్ రెండవది. ఆ పరిసరాల తెలుగువారు పులికాట్‌ను ప్రళయ కావేరి అని కూడా పిలుస్తారు. చలికాలంలో చిలికాకు వచ్చినట్లే ఈ సరస్సుకూ దూరప్రాంతాల నుంచి పక్షులు వలస వస్తాయి. పొడవైన కాళ్ళ ఫ్లెమింగోలు లోతు లేని నీటిలో బారులు తీరి మేత వెతుక్కుంటాయి.

పులికాట్‌కు పడమటి వైపున సూళ్ళూరుపేట అనే చిన్న పట్టణం ఉంది. పూర్వం ఇది నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. రాయగడ నుంచి బయలుదేరిన రైలు విజయనగరం వద్ద హౌరా–చెన్నై మార్గాన్ని కలుస్తుంది. ఆ మార్గంలోనే విజయవాడ, నెల్లూరు, గూడూరు దాటి చెన్నై వైపు సాగితే సూళ్ళూరుపేట స్టేషను వస్తుంది. అక్కడి నుంచి చెన్నై ఇంకా సుమారు 80 కిలోమీటర్లు. కాళంగి నది ఒడ్డున ఉన్న ఈ ఊరు చూడడానికి మామూలు ఊరే. బజారు, బస్సు స్టాండు, గుడి, బడి, చుట్టూ వరిచేలు ఉంటాయి. కాని సంవత్సరంలో కొన్ని రోజులు మాత్రం ఈ ఊరివారంతా ఒకే దిక్కుకు, తూర్పుకు తిరిగి నిలబడతారు.

సూళ్ళూరుపేటకు తూర్పున, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట దీవి ఉంది. సరస్సును చీలుస్తూ వేసిన రోడ్డు మీదుగా అక్కడికి వెళ్ళాలి. ఎండాకాలంలో ఈ రోడ్డుకు ఇరువైపులా నీరు ఇంకి తెల్లని ఉప్పునేల బయటపడుతుంది. వానలు పడితే అదే చోటు సముద్రంలా కనిపిస్తుంది. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ తన రాకెట్టు ప్రయోగ కేంద్రాన్ని ఈ దీవిలోనే నెలకొల్పింది. దానిని ఇస్రో అని క్లుప్తంగా పిలుస్తారు.

ప్రయోగం జరిగే రోజున సూళ్ళూరుపేటలో సందడి ముందుగానే మొదలవుతుంది. పిల్లలు మేడల మీదకు ఎక్కుతారు. దుకాణదారులు గడియారం చూసుకుంటూ వీధిలోకి వస్తారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, చెన్నై నుంచి జనం వచ్చి సరస్సు ఒడ్డున, రోడ్డు పక్కన చోటు చూసుకుంటారు. ప్రయోగానికి ముందు శాస్త్రజ్ఞులు ఊళ్ళోని చెంగాళమ్మ గుడికి వచ్చి వెళ్ళడం ఆ ఊరివారికి అలవాటైన దృశ్యం. ఆకాశంలో మబ్బు ఉందా, గాలి ఎటు వీస్తోంది అన్న మాటలే ఎక్కడ చూసినా వినిపిస్తాయి.

ఇంత దేశంలో రాకెట్టులను ఈ దీవి నుంచే ఎందుకు ప్రయోగిస్తున్నారు? దీనికి మూడు కారణాలు ఉన్నాయి.

మొదటి కారణం భూభ్రమణం. భూమి తన చుట్టూ తాను పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. శ్రీహరికోట వద్ద నేల కూడా మనుషులనూ చెట్లనూ మోసుకుంటూ సెకనుకు సుమారు 450 మీటర్ల వేగంతో తూర్పుకు కదులుతుంది. రాకెట్టును తూర్పు దిక్కుకు ప్రయోగిస్తే ఆ వేగం దానికి ఉచితంగా కలిసి వస్తుంది. కదిలే బండిలో నుంచి బండి పోయే వైపుకే బంతి విసిరితే అది మరింత వేగంగా పోతుంది కదా! ఇదీ అటువంటిదే. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ ఈ లాభం పెరుగుతుంది. శ్రీహరికోట ఆ రేఖకు ఉత్తరాన 13 డిగ్రీల పైచిలుకు దూరంలో మాత్రమే ఉంది.

రెండవ కారణం సముద్రం. రాకెట్టు కొన్ని దశలుగా ఉంటుంది. ఇంధనం అయిపోయిన దశ విడిపోయి కిందికి పడుతుంది. తూర్పున బంగాళాఖాతం ఉండడం వల్ల ఆ దశలు నీటిలో పడతాయి. ఊళ్ళ మీద పడవు. మన దేశంలో రాకెట్టు ప్రయోగాలు మొదట 1963 నవంబరు 21న కేరళలోని తుంబాలో ఆరంభమయ్యాయి. తుంబా పడమటి తీరాన ఉంది. అక్కడి నుంచి పెద్ద రాకెట్టును తూర్పుకు పంపితే అది జనావాసాల మీదుగా పోవలసి వస్తుంది. అందువల్ల ఉపగ్రహాలను మోసే పెద్ద రాకెట్టుల కోసం తూర్పు తీరంలో స్థలం వెదికి, 1969లో శ్రీహరికోటను ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న రోహిణి–125 అనే చిన్న రాకెట్టు ప్రయోగంతో ఈ కేంద్రం పని ప్రారంభించింది.

మూడవ కారణం విశాలమైన స్థలం, తక్కువ జనాభా. దీవి వైశాల్యం సుమారు 145 చదరపు కిలోమీటర్లు. అయితే తక్కువ జనాభా అంటే జనమే లేరని అర్థం కాదు. ఆ దీవి అడవులలో యానాదులు తరతరాలుగా నివసించేవారు. వారు దుంపలు, తేనె, వంటచెరకు సేకరించుకునేవారు. సరస్సులో చేపలు పట్టుకునేవారు. వనమూలికలను బాగా ఎరిగినవారు. ప్రయోగ కేంద్రం రావడంతో వారు తమ అడవిని వదిలి సరస్సు ఇవతలి ఒడ్డున ఉన్న ఊళ్ళకు చేరవలసి వచ్చింది. అడవిలో తిరిగి బతికిన వారికి అడవి లేని చోట బతుకు కొత్తగా నేర్చుకోవడం సులభం కాదు. కొరాపుట్ జిల్లా వారికి ఈ విషయం విడమరచి చెప్పనక్కరలేదు. ఎగువ కోలాబ్ జలాశయం నిండినప్పుడు, సునాబెడాలోనూ దామన్‌జోడిలోనూ కర్మాగారాలు వెలసినప్పుడు ఇక్కడ కూడా ఎన్నో కుటుంబాలు తమ నేలను విడిచిపెట్టాయి. రాకెట్టు పైకి లేచేటప్పుడు చూసేవారు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లలో కొంత వాటా ఆ నేలను వదిలి వెళ్ళినవారికి కూడా చెందుతుంది.

ఇక ప్రయోగ సమయంలో సూళ్ళూరుపేట నుంచి ఏమి కనిపిస్తుందో తెలుసుకుందాం.

లెక్క సున్నాకు చేరగానే తూర్పున చెట్ల వెనుక ఒక వెలుగు పుడుతుంది. రాత్రి వేళ అయితే దిగువ మబ్బులన్నీ నారింజ రంగుకు మారుతాయి. ఆ వెలుగు చెట్ల తలలు దాటి, నిప్పుల స్తంభంలా నిటారుగా లేస్తుంది. దాని వెనుక దట్టమైన తెల్లని పొగ తాడులా సాగుతుంది. చిత్రమేమిటంటే అప్పటికి ఏ శబ్దమూ వినిపించదు. రాకెట్టు అంత ఎత్తుకు పోతున్నా ఊరంతా నిశ్శబ్దంగానే ఉంటుంది. దాదాపు ఒక నిమిషం దాటిన తరువాత ఆ ఉరుము వస్తుంది. మొదట సన్నగా మొదలై క్రమంగా పెరుగుతుంది. తలుపులు, కిటికీలు అదురుతాయి. గుండెలో కూడా ఆ అదురు తెలుస్తుంది.

ఈ ఆలస్యానికి కారణం తేలికైనదే. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. కాబట్టి వెలుగు పుట్టిన క్షణంలోనే కంటికి చేరుతుంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది. ప్రయోగ వేదిక సూళ్ళూరుపేటకు 20 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. అంత దూరం రావడానికి ధ్వనికి నిమిషానికి పైగా పడుతుంది. వానాకాలంలో కొండల మీద మెరుపు ముందు కనిపించి, ఉరుము తరువాత వినిపించడం కొరాపుట్, రాయగడ ప్రాంతాల పిల్లలకు బాగా తెలుసు. మెరుపుకూ రాకెట్టుకూ సూత్రం ఒక్కటే.

రాకెట్టు వదిలే ఆ తెల్లని పొగ కూడా ఈ ప్రాంతానికి పరిచయమైన పదార్థమే. పి.ఎస్.ఎల్.వి. అనే రాకెట్టు ఎత్తు 44 మీటర్లు. అంటే పది అంతస్తుల భవనాన్ని మించిన ఎత్తు. బరువు సుమారు 320 టన్నులు. అందులో నాలుగు దశలు ఉంటాయి. ఒకటవ, మూడవ దశలలో ఘన ఇంధనం, రెండవ, నాలుగవ దశలలో ద్రవ ఇంధనం వాడతారు. మొదటి దశలోని ఘన ఇంధనం ఒక్కటే సుమారు 139 టన్నులు. ఆ ఇంధనంలో రబ్బరు వంటి పదార్థంతో పాటు అల్యూమినియం పొడి కూడా కలుస్తుంది. అల్యూమినియం మండినప్పుడు అల్యూమినియం ఆక్సైడ్ అనే తెల్లని రేణువులు ఏర్పడతాయి. పొగకు ఆ తెలుపు చాలావరకు వాటి వల్లనే వస్తుంది. పంచపట్మాలి కొండ మీది బాక్సైట్ నుంచి దామన్‌జోడి కర్మాగారంలో తీసే తెల్లని అల్యూమినా పొడి కూడా అల్యూమినియం ఆక్సైడే. దామన్‌జోడిలో లోహం కావడానికి ఎదురుచూసే ఆ తెల్లని పొడే, శ్రీహరికోట మీద లోహం మండగా ఏర్పడి ఆకాశంలో గీతలు గీస్తుంది.

సునాబెడాలోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారంలో యుద్ధ విమానాల ఇంజన్లు తయారవుతాయి. విమానం ఇంజనుకూ రాకెట్టు ఇంజనుకూ ముఖ్యమైన తేడా ఒకటి ఉంది. ఏ ఇంధనమైనా మండడానికి ఆక్సిజన్ కావాలి. విమానం ఇంజను దానిని చుట్టూ ఉన్న గాలి నుంచి పీల్చుకుంటుంది. కాని రాకెట్టు వెళ్ళే చోట గాలి ఉండదు. అందువల్ల అది ఇంధనంతో పాటు, ఆక్సిజన్‌ను అందించే పదార్థాన్ని కూడా తన పొట్టలోనే మోసుకుపోతుంది. రాకెట్టు బరువులో ఎక్కువ భాగం ఈ రెండే. వాటితో పోలిస్తే అది మోసుకుపోయే ఉపగ్రహం చాలా చిన్నది. పెండ్లికి పోయే బండిలో పెట్టె ఒక్కటి, గడ్డిమోపులు పది అన్నట్లుగా ఉంటుంది ఈ ప్రయాణం.

సుమారు రెండు నిమిషాలలో మొదటి దశ పని ముగించుకుని విడిపోతుంది. ఆకాశం నిర్మలంగా ఉంటే ఆ నిప్పుచుక్క ఒక్కసారి మసకబారి, మళ్ళీ చిన్న నక్షత్రంలా వెలగడం గమనించవచ్చు. అది రెండవ దశ. ఆ తరువాత రాకెట్టు కంటికి ఆనదు. ఉపగ్రహం భూమి చుట్టూ తిరుగుతూ ఉండాలంటే సెకనుకు సుమారు ఏడున్నర కిలోమీటర్ల వేగం అందుకోవాలి. మేడల మీద ఉన్నవారు అప్పటికి టీవీల దగ్గరకు పరుగెత్తుతారు. ఉపగ్రహం కక్ష్యలో చేరిందన్న మాట వినేవరకు ఊరికి ఊపిరి ఆడదు.

ఆ మాట ప్రతిసారీ వినిపించదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎస్.ఎల్.వి.–3 రాకెట్టును తొలిసారి ప్రయోగించారు. ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. ఉపగ్రహాన్ని మోయడానికి మన దేశం తయారు చేసుకున్న మొదటి రాకెట్టు అదే. ఆ పథకానికి ఏ.పి.జె. అబ్దుల్ కలాం అధిపతి. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండవ దశను అదుపు చేసే వ్యవస్థలో ఆమ్లం కారిపోయింది. రాకెట్టు దారి తప్పి బంగాళాఖాతంలో కూలిపోయింది. ఏళ్ళ తరబడి వందలమంది పడిన శ్రమ 317 సెకన్లలో ముగిసింది.

ఆనాడు ఇస్రో అధ్యక్షులు సతీష్ ధవన్. ఆయన కలాంను పత్రికా విలేఖరుల ముందుకు నెట్టలేదు. తానే కూర్చుని, తప్పు భారాన్ని తన మీద వేసుకుని, తన సహచరుల మీద నమ్మకం ఉందని, తరువాతి ప్రయత్నంలో విజయం సాధిస్తామని చెప్పారు. శాస్త్రజ్ఞులు లోపం ఎక్కడ జరిగిందో ఒక్కొక్క భాగాన్ని పరిశీలించి కనుగొన్నారు. 1980 జూలై 18న రెండవ ప్రయోగం జరిగింది. 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరింది. ఈసారి విలేఖరుల ముందుకు ధవన్ రాలేదు, కలాంను పంపారు. ఓటమి వచ్చినప్పుడు ముందు నిలవడం, గెలుపు వచ్చినప్పుడు వెనుక నిలవడం నాయకుని లక్షణమని కలాం తరువాతి కాలంలో ఈ సంఘటనను ఎన్నో సభలలో చెబుతూ వచ్చారు. ధవన్ 2002 జనవరి 3న మరణించారు. ఆ సంవత్సరమే శ్రీహరికోట కేంద్రానికి సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం అని పేరు పెట్టారు.

సూళ్ళూరుపేట వారు ఇటువంటి గెలుపోటములు ఎన్నో కళ్ళారా చూశారు. పి.ఎస్.ఎల్.వి. 1993 సెప్టెంబరు 20న తొలి ప్రయోగంలో విఫలమై, 1994 అక్టోబరు 15న విజయం సాధించింది. 2010 డిసెంబరు 25న ఒక జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు లేచిన నిమిషం ప్రాంతంలోనే అదుపు తప్పి, ఆకాశంలో ముక్కలైంది. ఆదేశాలు చేరవేసే తీగల జోడింపులు ఊడిపోవడమే దానికి కారణమని పరిశీలనలో తేలింది. 2019 జూలై 15న చంద్రయాన్–2ను చూడడానికి అర్ధరాత్రి వేళ వేలమంది కాచుకుని కూర్చున్నారు. మరో 56 నిమిషాలలో ప్రయోగం అనగా సాంకేతిక లోపం బయటపడి లెక్క ఆపివేశారు. చూడవచ్చినవారు నిరాశతో ఇళ్ళకు మరలారు. లోపాన్ని సరిదిద్ది, వారం తరువాత జూలై 22న అదే రాకెట్టును విజయవంతంగా ప్రయోగించారు. అనుమానం కలిగినప్పుడు ఆగడం కూడా శాస్త్రజ్ఞుల పనిలో భాగమేనని ఆ రాత్రి తెలియజెప్పింది.

ప్రయోగపు రోజున ఊరివారిలో అందరికీ అది వేడుక కాదు. విడిపోయిన దశలు సముద్రంలో పడతాయి కనుక నిర్ణయించిన ప్రాంతంలోకి పడవలు రాకూడదని మత్స్యకారులకు ముందుగా హెచ్చరికలు పంపుతారు. ఆ వేళకు వలలు ఒడ్డున ఉంటాయి. ఒడిశా తీరంలో బాలేశ్వర్ దగ్గరి చాందీపూర్‌లో కూడా ఇటువంటి పరిస్థితే ఉంది. అక్కడ క్షిపణులను పరీక్షిస్తారు. అగ్ని క్షిపణిని 1989 మే 22న మొదటిసారి అక్కడి నుంచే ప్రయోగించారు. పరీక్షల రోజున సమీప గ్రామాల ప్రజలను కొన్ని గంటల పాటు వేరే చోటికి తరలిస్తూ ఉంటారు. దేశానికి జరిగే ఒక మేలు వెనుక ఈ విధంగా పేరు తెలియని ఎందరో ఒక పూట పనినో, ఒక నేలనో వదులుకుంటారు.

మరి ఆ మేలు ఏమిటి? శ్రీహరికోటకు వందల కిలోమీటర్ల దూరాన కొండల నడుమ ఉన్న కొరాపుట్, రాయగడలకు దానితో ఏమి పని?

1999 అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని తాకిన పెనుతుఫానులో సుమారు పదివేల మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత రాష్ట్రంలో తుఫాను ఆశ్రయ భవనాలు కట్టారు. ముందుగా హెచ్చరించే పద్ధతులు మెరుగుపరిచారు. వాతావరణ పరిశీలనకే ప్రత్యేకించిన మన తొలి ఉపగ్రహాన్ని 2002 సెప్టెంబరు 12న శ్రీహరికోట నుంచి పంపారు. దానికి తరువాత కల్పన–1 అని పేరు పెట్టారు. 2016 సెప్టెంబరు 8న ఇన్సాట్–3డి.ఆర్. అనే మరింత మెరుగైన ఉపగ్రహం ఇక్కడి నుంచే వెళ్ళింది. ఇటువంటి ఉపగ్రహాలు సముద్రం మీద మబ్బు సుడి తిరగడం మొదలైనప్పటి నుంచి దానిని కనిపెట్టి ఉంటాయి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటకముందే ఒడిశాలో లక్షల సంఖ్యలో ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించారు. 1999తో పోలిస్తే ప్రాణనష్టం ఎన్నో రెట్లు తగ్గింది. ఉపగ్రహం ఒక్కటే ఈ పని చేయలేదు. రాడార్లు, రేడియో, ఊరూరా తిరిగి చెప్పిన ఉద్యోగులు, మాట విని కదిలిన ప్రజలు అందరూ కలిస్తేనే అది సాధ్యమైంది. కాని తుఫాను ఎక్కడ ఉందో ముందుగా చూసిన కన్ను ఆకాశంలోనిదే.

తుఫాను తీరంతోనే ఆగదు. 2014 అక్టోబరులో విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ కొరాపుట్ కొండల మీద కూడా కుంభవృష్టి కురిపించింది. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ వల్ల గజపతి, రాయగడ జిల్లాలలో వాగులు పొంగి పొలాలు మునిగాయి. పంట కోతకు వచ్చే రోజులలో రెండు రోజుల ముందు అందే ఒక హెచ్చరిక రైతుకు ఎంత విలువైనదో ఈ జిల్లాలవారికి తెలుసు. ఆ హెచ్చరిక వెనుక ఒక రాకెట్టు ఉంది. ఆ రాకెట్టు వెనుక పులికాట్ ఒడ్డున ఒక దీవి ఉంది.

పూర్వం సామాన్య ప్రజలు దూరం నుంచి మాత్రమే ప్రయోగాలను చూడగలిగేవారు. 2019లో ఇస్రో శ్రీహరికోటలోనే ప్రజల కోసం మెట్ల వరుసలతో ఒక వీక్షణశాలను ప్రారంభించింది. ముందుగా పేరు నమోదు చేసుకున్నవారు అక్కడ కూర్చుని చూడవచ్చు. 2023 జూలై 14న మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు చంద్రయాన్–3ను మోస్తూ ఎల్.వి.ఎం.–3 రాకెట్టు ఇక్కడి నుంచే లేచింది. దాని బరువు సుమారు 640 టన్నులు. ఆగస్టు 23న ఆ నౌక చంద్రుని దక్షిణ ధ్రువం సమీపంలో మెల్లగా దిగింది. 2019లో చంద్రయాన్–2 దిగే ప్రయత్నంలో ఎదురైన వైఫల్యం నుంచి నేర్చుకున్న పాఠాలే ఈ విజయానికి పునాది.

శ్రీహరికోటలో లేచే రాకెట్టు కొరాపుట్ నుంచి కనిపించదు. కాని అది విడిచిపెట్టినవి కనిపిస్తాయి. సూర్యాస్తమయం తరువాత గంటసేపు, లేదా సూర్యోదయానికి ముందు, మబ్బులేని ఆకాశాన్ని ఓపికగా చూస్తే నక్షత్రంలా వెలుగుతూ, మిణుకుమనకుండా, ఒకే వేగంతో సాగిపోయే చుక్క ఒకటి కంటబడుతుంది. రెక్కల దీపాలు మెరుస్తూ ఆరుతూ ఉంటే అది విమానం. అవి లేకుండా నిశ్శబ్దంగా సాగితే అది ఉపగ్రహం. నేల మీద చీకటి పడినా అంత ఎత్తులో ఇంకా ఎండ ఉంటుంది. ఆ ఎండ దాని మీద పడి మెరవడం వల్లనే అది మనకు కనిపిస్తుంది. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన దేవమాలి శిఖరం కొరాపుట్ జిల్లాలోనే ఉంది. పట్టణాల దీపకాంతి తక్కువగా ఉన్న ఈ కొండ ప్రాంతాలలో ఆకాశం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. మేడ మీద నిలబడి తూర్పుకు చూసే సూళ్ళూరుపేట పిల్లలకు రాకెట్టు రెండు మూడు నిమిషాలే కనిపిస్తుంది. ఇక్కడి పిల్లలకు ఏ నిర్మలమైన సాయంత్రమైనా ఆ ప్రయాణంలోని మిగిలిన భాగాన్ని చూసే అవకాశం ఉంది.

పదాలు – అర్థాలు

భూభ్రమణం : భూమి తన చుట్టూ తాను తిరగడం
దశ : రాకెట్టులో విడిగా మండి విడిపోయే భాగం
కక్ష్య : ఉపగ్రహం తిరిగే దారి
తరతరాలుగా : ఎన్నో తరాల నుంచి
వంటచెరకు : పొయ్యిలో కాల్చే కట్టెలు
రేణువు : చాలా చిన్న కణం
క్షిపణి : శత్రు లక్ష్యాన్ని ఛేదించడానికి ప్రయోగించే ఆయుధం
కుంభవృష్టి : కుండపోతగా కురిసే వాన
వీక్షణశాల : చూడడానికి ఏర్పాటు చేసిన చోటు
మిణుకుమను : వెలుగుతూ తగ్గుతూ ఉండు

ప్రశ్నలు

అ. ఒకటి రెండు వాక్యాలలో జవాబులు రాయండి.
1. చిలికా, పులికాట్ సరస్సులకు ఉన్న పోలికలు ఏవి?
2. శ్రీహరికోట కేంద్రం ఏ ప్రయోగంతో, ఎప్పుడు పని ప్రారంభించింది?
3. విమానం ఇంజనుకూ రాకెట్టు ఇంజనుకూ ఉన్న ముఖ్యమైన తేడా ఏమిటి?
4. ఆకాశంలో కదిలే చుక్క విమానమో, ఉపగ్రహమో ఎలా గుర్తించవచ్చు?

ఆ. పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. రాకెట్టు ప్రయోగాలకు శ్రీహరికోట అనువైన చోటు కావడానికి గల కారణాలను వివరించండి.
2. 1979, 1980 సంవత్సరాల ప్రయోగాల సందర్భంగా సతీష్ ధవన్ ప్రవర్తించిన తీరు నుంచి ఏమి నేర్చుకోవచ్చు?
3. ప్రయోగ కేంద్రం కోసం యానాదులు, మత్స్యకారులు ఏమి వదులుకున్నారు? మీ ప్రాంతంలో ఇటువంటి అనుభవం ఉన్న పెద్దలను అడిగి, వారు చెప్పినది రాయండి.

ఇ. చేసి చూడండి.
1. మెరుపు కనిపించిన తరువాత ఉరుము వినిపించేవరకు సెకన్లు లెక్కించండి. ఆ సంఖ్యను 340తో హెచ్చవేస్తే మెరుపు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. ఇంట్లో లేదా బడిలో లోపల ఉండి మాత్రమే ఈ పని చేయండి.
2. ప్రయోగ వేదికకు 34 కిలోమీటర్ల దూరంలో నిలబడిన వ్యక్తికి రాకెట్టు శబ్దం ఎన్ని సెకన్ల తరువాత వినిపిస్తుంది?

భాషా విషయాలు

1. కింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.
సూర్యాస్తమయం, సూర్యోదయం

2. కింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాయండి.
భూభ్రమణం, గెలుపోటములు, నాలుగు దశలు

3. కింది మాటలను సొంతవాక్యాలలో ప్రయోగించండి.
కళ్ళారా చూచు, కంటికి ఆనదు, ఊపిరి ఆడదు, కాచుకుని కూర్చుండు